హాని ఎవరి స్వభావం?

ఇడ్లీ పిండిని పొంగించే సూక్ష్మజీవుల్లో ల్యూకోనోస్టాక్ ఒకటి. తరతరాలుగా మన వంటింట్లో దానికి పనే తప్ప చెడ్డపేరు లేదు. కీమోథెరపీతో తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషి నెత్తుట్లో అదే జాతి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మొండి క్రిములకు వాడే వాంకోమైసిన్‌కు అది పుట్టుకతోనే లొంగదు. (ఉడికిన ఇడ్లీకి ఈ పాపం అంటదు, ఆవిరికి అది బతకదు.) ఇంతకూ అది మంచిదా, చెడ్డదా? ఏ వస్తువుకూ తనంతట తాను నిలిచే స్వభావం లేదని, ప్రతిదీ మరోదాన్ని ఆనుకునే ఉంటుందని ఆచార్య నాగార్జునుడు వాదించాడు. కృష్ణా తీరంలో ఆయన పేరు మోసే కొండ ఉన్నా, ఈ వాదాన్ని మనం శాస్త్రచర్చలకే వదిలేశాం. ఆసుపత్రి వార్డులో అది కళ్లెదుటే జరుగుతుంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బులార్ గత శతాబ్దం తొలినాళ్లలో ఇండోచైనాలో లిచీ, మంగుస్తాన్ తొక్కల నుంచి ఒక ఈస్ట్‌ను వేరుచేశాడు. విరేచనాలకు మందుగా దాన్ని నేటికీ పొట్లాల్లో ఇస్తున్నారు. ఐసీయూలో మంచం పక్కనే పొట్లం చింపితే కంటికానని పొడి లేచి చేతులకు అంటుతుంది. ఆ చేతులే మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టాన్ని (సెంట్రల్ లైన్‌ను) సర్దితే ఈస్ట్ నేరుగా రక్తంలోకి దిగవచ్చు. ఆ మందే తీసుకోని పక్క మంచం రోగికి సోకిన సందర్భాలూ ఉన్నాయి.

కలరా క్రిమి మాటేమిటి, దానిది పుట్టు విషం కాదా అనవచ్చు. విషం నిజమే. కానీ ఆ క్రిమి నదీముఖాల ఉప్పునీళ్లలో చిట్టి జలచరాలను అంటిపెట్టుకుని కూడా బతుకుతుంది. దాని విషానికి మన పేగు కణం మీద పట్టు దొరికితేనే పని. కలరా క్రిమికి ఆ పట్టు తేలిగ్గా దొరుకుతుంది, ఈస్ట్‌కు మనం తలుపు తీస్తే తప్ప దొరకదు. ఈ తేడా చిన్నది కాదని ఒప్పుకుంటాను, అయినా అది మోతాదులో తేడాయే. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: చెడు క్రిమిలో లేకపోతే రోగిలో ఉన్నట్టేనా, పూర్వజన్మ కర్మేనా? హానిని ఈ కొస నుంచి విప్పి ఆ కొసకు కట్టడమే ఇది. రోగి రక్షణను తగ్గించింది మనమే, క్యాన్సర్‌ను చంపడానికో, మార్చిన కిడ్నీని శరీరం తోసేయకుండా ఉండడానికో. గొట్టం వేసిందీ మనమే. కర్మ సిద్ధాంతం నిజమే అనుకున్నా, పొట్లం ఎక్కడ చింపాలో అది చెప్పదు. 2017లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ చెప్పింది: రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకు ఈ ఈస్ట్ మందు వద్దు, మిగతావాళ్లకు ఇచ్చేటప్పుడు కూడా రోగుల గదిలో పొట్లం విప్పకూడదు, గ్లవ్స్ వేసుకోవాలి, పని కాగానే వాటిని పారేసి చేతులు కడుక్కోవాలి.