నల్లబడ్డ నూనె

నల్లబడిన నూనె చెడిపోయిన నూనె అని మనందరి నమ్మకం. బూరెలు వేయించిన మూకుట్లో నూనె నల్లబడితే పారబోస్తాం కదా! ఇంజన్ ఆయిల్ సంగతి వేరుట. డీజిల్ ఇంజన్లో పుట్టే మసిని పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుని తిరగడం దాని పనుల్లో ఒకటి. నల్లబడిందంటే పనిచేస్తోందన్నమాట. రంగు చూసి దాన్ని తిట్టడం, అంట్లు తోమే చేతికి మసి అంటిందని తిట్టడం లాంటిదే.

మా తమ్ముడు కాజీపేట డీజిల్ షెడ్డు లాబొరేటరీలో చేసి రిటైరయ్యాడు. వాడిన నూనెలో లోహపు రజను వెతికి ఇంజన్ జబ్బు చెప్పే ఈ విద్యను అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వేవాళ్ళు 1946లోనే చేసి చూపారుట. ఇనుము పెరిగితే సిలిండర్ గోడ అరుగుతోందేమో. రాగీ, సీసమూ పెరిగితే బేరింగేమో. సిలికాన్ అయితే గాలితో వచ్చిన దుమ్మేమో. లెక్కంతా పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళని!

వాడు ప్రతిదానికీ "ఏమో" తగిలిస్తాడు చూశారూ, అదే నాకు నచ్చింది. "ఇనుము 40 ఉందనుకో, మంచా చెడా?" అన్నాను. "ఆ నూనె ఎన్నాళ్ళు తిరిగింది, మధ్యలో కొత్తది ఎంత పోశారు, ఇంజన్ కొత్తదా పాతదా, పోయినసారి ఎంతుంది? ఇవేవీ చెప్పకుండా నన్నడక్కక్కా" అన్నాడు. సిలికాన్ కూడా దుమ్మే కానక్కర్లేదుట, కొత్తగా వేసిన గాస్కెట్ జిగురులోంచీ రావచ్చుట.

శాంపిల్ పట్టడానికీ పద్ధతుంది. ఇంజన్ వేడిగా ఉండగానే, మొదటి ధార వదిలేసి, అడుగు మడ్డి రాకుండా మధ్యధార పట్టాలి. మరి మనమో? కోపంలో చిమ్మిన మొదటి ధారో, ఏడుపులో తేలిన మడ్డో చూసి మనిషి మీద రిపోర్టు రాసేస్తాం.

మొన్న పక్కింటావిడ అడిగింది: "మా కోడలొచ్చి రెండు నెలలేగా, అప్పుడే మాటకు మాట! మీరూ చూస్తున్నారుగా, ఎలాంటి పిల్లంటారు వదినా?" కొత్త ఇంజన్లో సర్దుకునేదాకా లోహం ఎక్కువే రాలుతుందిట. పిస్టన్ రింగూ అరుగుతుంది, సిలిండర్ గోడా అరుగుతుంది. ఆ రజనులో అత్తగారి వాటా ఎంతో ఎవరు తేల్చాలి? "ఇంకో ఆర్నెల్లు పోనివ్వండి వదినా" అని ఊరుకున్నాను.

అలాగని తీర్పే వద్దంటే ఎలా? వరుసగా మూడుసార్లు రాగి పెరిగితే మావాడు మొహమాటం లేకుండా ఇంజన్ ఆపించేవాడు. పైగా ఈ యంత్రానికి సన్నరజనే కనబడుతుందిట. సుమారు 10 మైక్రాన్లు దాటిన ముక్కలు సరిగ్గా లెక్కకు రావు. రిపోర్టు శుభ్రంగా ఉన్నా ఫిల్టర్ కోసి చూసేది అందుకే.

అత్తింట్లో చప్పుడే లేదు, ఫోన్ చేసినప్పుడల్లా పిల్ల "బాగానే ఉన్నానమ్మా" అంటుంది, ఆ ఒక్కమాటే. అలాంటప్పుడు నేనైతే రైలెక్కి వెళ్ళి రెండురోజులుండి వస్తాను.