చక్రం ఎవరిది?

ఏబీయూ రోబోకాన్‌లో ఏటా ఆట మారుతుంది. అందుకే 2002లో టోక్యోలో మొదలైనప్పట్నుంచీ, దానికెళ్లే ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రతిసారీ కొత్త రోబో కట్టాల్సిందే. దాంతోపాటే ఒక పాత గొడవ: చక్రాలు కొందామా, చేసుకుందామా?

మా టీమ్‌లో నేను చేసుకుందాం అన్నవాణ్ణి. కొంటే అందులో మన గొప్పేముంది అని వాదించాను, గెలిచాను.

నైలాన్ కడ్డీ తెచ్చి, 100 మిల్లీమీటర్ల వ్యాసంతో నాలుగు చక్రాలు తీయించాం. ఒకటి 1 మిల్లీమీటరు ఎక్కువొచ్చింది. ఒక చుట్టుకి తేడా 3 మిల్లీమీటర్ల పైచిలుకే. కానీ 10 మీటర్లు వెళ్లేసరికి అది 10 సెంటీమీటర్లవుతుంది. ఎన్‌కోడర్ చుట్లు లెక్కపెడుతుంది గానీ, చక్రం లావైందని దానికేం తెలుసు? రోబో ప్రతిసారీ ఒక పక్కకే పోయేది. చివరికి లేత్ మీద పెట్టి, కొంచెం కొంచెంగా చెక్కి సరిచేసింది వర్క్‌షాప్ బాబాయ్. డ్రాయింగ్ మాది, చెయ్యి ఆయనది.

పోటీ నుంచి వచ్చాక కాలేజీలో మైకిచ్చారు. "చక్రాలతో సహా అన్నీ మేమే చేశాం" అన్నాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడి ఆయనా కొట్టాడు. బయటికొచ్చాక ఒక్కటే అడిగాడు: "ఏం బాబూ, అక్కడ సరిగ్గా తిరిగాయా?"

కొన్న చక్రానికి బిల్లుంటుంది. ఇది ఇంకొకరి పని అని ఆ కాగితమైనా ఒప్పుకుంటుంది. పక్కకి కూడా నడిచే మెకానమ్ చక్రాన్ని 1970ల్లో స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ ఇలాన్ ఊహించాడు. దాన్ని మనింట్లో చేసుకున్నా ఆ ఊహ ఆయనదే. "సొంతంగా చేశాం" అన్న మాటకే బిల్లు లేదు. ఎవరి కష్టాన్నైనా అందులో కలిపేసుకోవచ్చు.

అలాగని ఎప్పుడూ కొనమనను. కావలసిన సైజు బజార్లో లేకపోతే చేసుకోక తప్పదు. నేర్చుకోడానికైతే తప్పకుండా చేయాలి. 1 మిల్లీమీటరు ఎంత పెద్దదో నాకు తెలిసింది ఆ చక్రాల వల్లే. కానీ ఆరోజు నేను వాదించింది నేర్చుకోవడం కోసం కాదు, ఆ మైకు కోసం.

ఇప్పుడు ఆఫీసులోనూ ఇదే గొడవ: ఎవరో రాసిన లైబ్రరీ వాడదామా, మనమే రాసుకుందామా? ఏ పక్కన మాట్లాడబోయినా ముందు ఆయన గుర్తొస్తాడు. నాలుగేళ్లూ బాబాయ్ అనే పిలిచాను. పేరు అడగలేదు.