వంగిన చోట

"విరిగినా సరే, వంగను" అంటుంటాడు మా నాన్న. ఉద్యోగం వదిలేసి వచ్చిన రోజు కూడా అదే అన్నాడు. మెటలర్జీ చదివేటప్పుడు ఆ మాట మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

లోహం వంగేది దానిలోని లోపాల వల్లే. పరమాణువుల అమరికలో అక్కడక్కడా ఒక వరుస తప్పి ఉంటుంది, డిస్‌లొకేషన్ అంటారు. అది జరిగితే లోహం సాగుతుంది. దాన్ని కదలనివ్వకపోతే బలం పెరుగుతుంది, కానీ పగులు మొదలైతే ఆపడం కష్టం. బలమో, సాగే గుణమో, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుందని ఇంజనీర్లు చాలాకాలం రాజీపడ్డారు.

క్రోమియం, కోబాల్ట్, నికెల్ సమపాళ్లలో కలిపిన మిశ్రమలోహం ఆ లెక్క తప్పించింది. 20 కెల్విన్ల దగ్గర, అంటే సుమారు మైనస్ 253 డిగ్రీల చలిలో, దాన్ని పరీక్షించిన ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు కార్బన్ ఉక్కు ఆ చలిలో పెళుసెక్కిపోతుంది. ఇది ఇంకా గట్టిపడింది, పగులుకి ఇంకా మొండిగా ఎదురు నిలిచింది. లాగేకొద్దీ లోపల పరమాణువుల పేర్పు మారి కొత్త అడ్డుగోడలు లేస్తాయి. ముందే కట్టిపెట్టినవి కావు, వంగుతుంటే పుట్టేవి.

నాన్నకి చెబుదామనుకున్నా. చెప్పలేదు. సాగిన లోహం పాత ఆకారానికి తిరిగి రాదు మరి, రబ్బరు కాదది. నేనూ ఒకచోట వంగాను. తప్పని తెలిసీ ఒక టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టాను. సర్దుకుపోవడం అని పేరు పెట్టుకున్నా. ఆ రోజు నాలో ఏ అడ్డుగోడా లేవలేదు. ఇంటికెళ్తే ఇప్పటికీ ఆ ఉద్యోగం ఊసు రాకుండా చూసుకుంటాను.