తొండి ఎవరిది?

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అబ్బాయి కంప్యూటర్ ముందునుంచి లేచి వచ్చి, నా పక్కన నిలబడి, "నేనేమన్నా తొండి ఆడినానా నాయనా?" అని అడిగాడు. వాడికి పద్నాలుగేళ్ళు. తొండి ఆడి దొరికిపోయిన పిల్లవాడు అడిగే తీరు ఒకటుంటుంది. వాడి గొంతు అలా లేదు. ఏమిటా అని వెళ్ళి చూస్తే తెరమీద రెండు వాక్యాలున్నాయి. నీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఈ ఆట అనుమతించదు, ఆటలో నిజాయితీని కాపాడటానికే ఈ ఏర్పాటు, అని వాటి సారం. మొన్నటిదాకా ఆడిన ఆటే అది. వాడితోబాటు బడిలో చదివే నలుగురు పిల్లలు అప్పటికే ఆటలో కూర్చుని వీడికోసం చూస్తున్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడు తొండి ఆడలేదని నాకు తెలుసు. కాని ఆ తలుపు వాడికి మూసుకుపోవడానికి కారణం నేనే. అందరిళ్ళలో ఉండే విండోస్‌ను తీసేసి ఆ కంప్యూటర్‌లో లినక్స్ పెట్టినవాణ్ణి నేను. నా సిద్ధాంతానికి నా కొడుకు వెల కట్టవలసి వచ్చింది. పిల్లల ఆటే కదా అని తోసెయ్యబోయాను గాని మనసు ఒప్పుకోలేదు. ఇందులో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయని తోచింది. వాటిని ఇక్కడ విప్పి చూస్తాను.

నేను హోసూరులో ఒక కార్ఖానాలో లెక్కలు చూసేవాణ్ణి. కంప్యూటర్ శాస్త్రం చదివినవాణ్ణి కాను. లినక్స్‌ను మొదట ఖర్చు లేదని పెట్టుకున్నాను, తర్వాత దాని వెనకున్న ఆలోచన తెలిసి ఉంచుకున్నాను. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను మొదలుపెట్టాడు. ఆ రెండూ కలిసి ఒక పూర్తి వ్యవస్థ తయారైంది. దాన్ని ఎవరైనా ఏ పనికైనా నడుపుకోవచ్చు. లోపల ఏముందో చదివి మార్చుకోవచ్చు. నకలు తీసి పొరుగువారికి ఇవ్వవచ్చు. తాను మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఊరంతా కలిసి తవ్వుకున్న బావిలాంటిది. చేద ఎవరిదైనా నీళ్ళు అందరివీ.

ఆటలు మాత్రం చాలావరకు ఆ బావి నీళ్ళు కావు. కంపెనీలు వాటిని విండోస్ కోసం రాస్తాయి, లోపలి రాతను చూపవు. అటువంటివాటిని లినక్స్ మీద నడిపించడానికి 1993లో కొందరు వైన్ అనే పని మొదలుపెట్టారు. దానికి 1.0 అని అంకె వేసుకోవడానికి పదిహేనేళ్ళు పట్టింది. వైన్ చేసే పని సరిహద్దు ఊళ్ళలో ఉండే మనకు ఇట్టే అర్థమవుతుంది. మా తాత తాలూకా కచేరీకి పోతే బయట చెట్టుకింద అర్జీలు రాసే ఆయన కూర్చుని ఉండేవాడట. తాత తెలుగులో చెప్పేవాడు, ఆయన తమిళంలో రాసేవాడు, లోపల పని జరిగిపోయేది. ఇక్కడా అంతే. ఆట "విండోస్, ఈ ఫైలు తెరువు" అంటుంది. వైన్ ఆ మాట విని లినక్స్ చేత ఆ ఫైలు తెరిపిస్తుంది. స్టీమ్ అనే ఆటల దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ 2018లో వైన్‌కు మరికొన్ని జోడించి ప్రోటాన్ అనే పేరుతో ఇచ్చింది. 2022లో స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని లినక్స్ మీదే నడిపించి అమ్మింది. వేలాది ఆటలు లినక్స్ ఇళ్ళలోకి వచ్చాయి. మా ఇంటి పాత పెట్టెలోకీ కొన్ని వచ్చాయి.

ఇక మొదటి ప్రశ్న. స్వేచ్ఛ కోసమని లినక్స్ పెట్టుకున్నవాడు దానిమీద తాళం వేసిన ఆటలు ఆడటం ఆత్మవంచన కాదా? స్టాల్‌మన్ 2012లో దీనిమీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. లోపలి రాతను దాచిన ఆటలు అన్యాయమే అన్నాడు. అయినా విండోస్ వదిలి వచ్చి ఆ ఆటలే ఆడుకునేవాడికి కొంత స్వేచ్ఛయినా దక్కుతుందని ఒప్పుకున్నాడు. ఆటలు దొరకడమే గొప్ప అని చెప్పుకుంటూ పోతే అసలు మాట మరుగున పడుతుందని హెచ్చరించాడు కూడా.

నాకు తోచినంతలో స్వేచ్ఛ మడి కాదు. మడి కట్టుకున్నవాడు ఎవరైనా తాకితే మైలపడతాడు. స్వేచ్ఛ అలా పోదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాడు అంగట్లో తమిళమో కన్నడమో మాట్లాడితే ఇంటి తెలుగు మైలపడుతుందా? ప్రమాదం వేరే చోట ఉంది. ప్రోటాన్ వచ్చాక కొన్ని కంపెనీలు లినక్స్ కోసం విడిగా రాయడం మానుకున్నాయి. అర్జీ రాసే ఆయన ఉన్నాడు కదా, ఇంకెందుకు అన్నట్టు. ఆయన ఉన్నంతకాలం కచేరీ మన భాష నేర్చుకోదు. మన పని జరుగుతుంది, నిజమే. కాని జరిగేది సౌకర్యం, హక్కు కాదు. ఈ రెంటికీ తేడా సౌకర్యం ఆగిపోయిన రోజునే తెలుస్తుంది. మా వాడికి ఆ రోజు తెలిసింది.

రెండో ప్రశ్న తొండి గురించి. కంపెనీల పక్షాన ఉన్న న్యాయాన్ని ముందు చెప్పాలి. నలుగురు కలిసి ఆడే ఈ ఆటల్లో తొండి నిజంగానే ఉంది. గోడ వెనక దాక్కున్నవాణ్ణి చూపించే ప్రోగ్రాములు, మన బదులు తామే గురి పెట్టే ప్రోగ్రాములు డబ్బుకు దొరుకుతాయి. ఒక్కడు వాటిని వాడితే మిగతా అందరి సాయంత్రమూ పాడవుతుంది. అందుకని కంపెనీలు ఆడేవాడి యంత్రంలోనే ఒక కాపలాదారును పెడతాయి. కొన్ని ఆటల కాపలాదార్లు కెర్నల్ దాకా, అంటే ఇంట్లో దేవుడి గది దాకా వెళతారు. లినక్స్‌లో ఇంటి యజమాని ఆ గదిని కూడా మార్చి కట్టుకోగలడు. కాబట్టి అక్కడ కాపలాదారు చెప్పేది నిజమో కాదో కంపెనీకి నమ్మకం కుదరదు. 2021లో ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే రెండు పెద్ద కాపలా ప్రోగ్రాములు ప్రోటాన్‌తో పనిచేసే వీలు కల్పించాయి. కాని తలుపు తెరవడం మానడం ఒక్కొక్క ఆట యజమాని ఇష్టం. ఏపెక్స్ లెజెండ్స్ అనే ఆటవారు తెరిచిన తలుపును 2024 అక్టోబరులో మళ్ళీ మూసేశారు. లినక్స్‌లో తొండిని పట్టడం కష్టమని, అక్కడ నిజాయితీగా ఆడేవారి సంఖ్యను మొత్తం ఆటగాళ్ళ క్షేమంతో తూచి చూశామని చెప్పుకున్నారు.

ఆ తూకం దగ్గరే నేను ఆగిపోయాను. స్టీమ్ వారి లెక్కలో లినక్స్ వాడేవారు నూటికి మూడు దాటింది 2025 అక్టోబరులో, అదీ తొలిసారి. విండోస్‌లో తొండిగాళ్ళు లేరా? కావలసినంతమంది ఉన్నారు. అక్కడ తొండిగాణ్ణి పట్టుకుని వాణ్ణొక్కణ్ణే వెళ్ళగొడతారు. ఇక్కడ తొండిగాడు దొరక్కపోతే వీధి వీధినే వెళ్ళగొడతారు. ఈ వీధి చిన్నది కాబట్టి అది చౌకగా అయిపోతుంది. ఏం చేశావని అడగకుండా ఏ వీధివాడివని అడిగే పద్ధతి ఈ పత్రిక చదివేవారికి కొత్త కాదు.

అలాగని ఆటను రేషను బియ్యంతోనో బడి చదువుతోనో సమానం చెయ్యను. "మీ వీధికి మనిషిని పంపే స్తోమత మాకు లేదు" అని కంపెనీ అంటే నాకు కోపం రాదు. స్తోమత లేకపోవడం తప్పు కాదు. "నిజాయితీని కాపాడటానికి" అన్న మాట వేరు. మొదటిది మన్నింపు అడగడం. రెండోది పద్నాలుగేళ్ళ పిల్లవాడి మీద అనుమానం.

ఇంతకీ తొండి ఎక్కడ పుడుతుందో 1999లో ఒకసారి బయటపడింది. ఆ డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన క్వేక్ ఆట లోపలి రాతను అందరికీ తెరిచి ఇచ్చింది. తొండి ప్రోగ్రాములు వెంటనే పుట్టుకొచ్చాయి. రాత తెరిచి ఇవ్వడమే తప్పన్న మాట లేచింది. ఎరిక్ రేమండ్ దీనిమీద ఒక వ్యాసం రాశాడు. ఆట వేగంగా నడవాలని, ఆడేవాడికి కనబడకూడని సంగతులను కూడా సర్వర్ వాడి యంత్రానికి పంపుతోంది, లోపం అక్కడే ఉంది, రాతను దాచినంతమాత్రాన ఆ లోపం పోదు, అని ఆయన వాదన సారం. పేకాటలో పెట్టి చెబుతాను. పంచేవాడు అందరి ముక్కలూ ఒక కవరులో పెట్టి మీ ఇంటికి పంపి, మీరు కవరు విప్పకుండా చూడటానికి మీ నట్టింట్లో ఒక పోలీసును కూర్చోబెడితే ఎలా ఉంటుంది? ఎవరి ముక్కలు వారికే పంచితే పోలీసుతో పనే లేదు.

గురి పెట్టే ప్రోగ్రాముల తొండి ఇంత సులువుగా తీరదని నాకు తెలుసు. ఆటలో వాడి నడతను సర్వర్ దగ్గరే కూర్చుని గమనించే దారి ఉంది గాని దానికి ఖర్చవుతుంది, పూర్తిగా పట్టదు కూడా. అయినా ఆ భారం ఎవరు మొయ్యాలన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. మా పక్క పాత గుడి మండపాల్లో బండలమీద పులి-మేక గీతలు చెక్కి ఉంటాయి. బండ ఎవరి సొత్తూ కాదు. ఎవడైనా మేకను దొంగతనంగా జరిపితే పక్కన కూర్చున్న ముసలాయన "ఒరే, తొండిరా" అనేవాడు. చేతులు కట్టేసి ఎవరూ ఆడించలేదు. తప్పు చేయగలిగినవాడు చేయడని అనుకోవడమే నమ్మకం. నీ ఇంటికి నువ్వు యజమానివి కాకుండా ఉంటేనే నిన్ను నమ్ముతానంటే దాన్ని నమ్మకం అనలేం.

ఇంతవరకు వాదించి నేను గెలిచాననుకున్నాను. అప్పుడు మూడో ప్రశ్న ఎదురు నిలబడింది. ఆ మధ్యాహ్నం ఒంటరిగా కూర్చున్నది నేను కాదే?

మా నాయన నన్ను తెలుగు బడిలో వేశాడు. ఆ తెలుగువల్లనే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను, ఆయనకు రుణపడి ఉన్నాను. కాని ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో దానికి వెల కట్టిందీ నేనే. ఆయనమీద కోపం లేదు. ఒక్కసారి నన్ను కూర్చోబెట్టి ఎందుకో చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. సిద్ధాంతానికి వెల ఎవరు కడతారో సిద్ధాంతం వారిది. ఇంకొకరి చేత కట్టిస్తే అది పెత్తనం.

అందుకని ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను. విండోస్ 10కి భద్రతా మార్పులు ఉచితంగా పంపడం 2025 అక్టోబరులో ఆగిపోయిందని, విండోస్ 11 అడిగే షరతులకు మా పెట్టె తూగదని, కావాలంటే సంవత్సరాంతానికి డబ్బు కూడబెట్టి వేరేది కొందామని చెప్పాను. కాపలాదారు సంగతి కూడా పెంచకుండా తగ్గించకుండా చెప్పాను. "నువ్వే చెప్పు, నేను కాదనను" అన్నాను.

రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "ఇప్పుడేమీ వద్దులే నాయనా. ఆదివారం వాళ్ళింటికి పోయి ఆడతా" అన్నాడు. ఇంట్లో వెస్నోథ్ ఆడుతున్నాడు. 2003లో మొదలైన యుద్ధాల ఆట అది, లోపలి రాత తెరిచి ఉన్నది, స్వచ్ఛందంగా పనిచేసేవారు ఎన్నో భాషల్లోకి మార్చుకుంటున్నది. మొన్న ఒకరోజు, దీన్ని తెలుగులోకి మార్చాలంటే ఎవర్ని అడగాలని అడిగాడు. మార్చుకోవడానికి ఎవర్నీ అడగనక్కరలేదన్నాను. వాడు కాసేపు నన్నే చూశాడు.

వాడు తనకోసమే ఆ నిర్ణయం చేశాడో, నా ముఖం చూసి చేశాడో నాకు తెలియదు. ఆ అనుమానం నాలో ఉండటమే మంచిది. సంవత్సరాంతానికి మళ్ళీ అడుగుతాను. వాడి మొదటి ప్రశ్నకు మాత్రం ఆ రాత్రే జవాబు చెప్పాను. "నువ్వు తొండి ఆడలేదురా. నీ మేకను నిన్ను అడగకుండా జరిపినవాణ్ణి నేను."