చెప్పు కరిస్తే చెప్పు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన ఫోటో చూశాను. చిలకపచ్చ బూట్లు, అడుగున పులిగోళ్లలాంటి పళ్లు. వచ్చే ఆదివారం స్నేహితులతో కలిసి తారాతారిణి కొండ దగ్గరి మట్టిదారుల్లో పరుగెత్తి వాటి సంగతి తేలుస్తానన్నావు. "రేటు మాత్రం అడక్కు మావయ్యా" అన్నావు కాబట్టి అడగను. వేరే మాట అడుగుతాను. వాటితో ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగావు? డబ్బా విప్పేది కొండ కిందేనంటే ఆ జోడు ఇంట్లో వదిలేసి, పాతది తొడుక్కుని రా.

కొత్త బూటుని ముందు ఇంట్లో తిప్పాలి. తరవాత రెండు మూడు కిలోమీటర్లు, ఆపైన ఐదారు. కొండ ఆఖరిది. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. కొలత చూసుకోవాల్సింది అప్పుడు, పరుగులో వేసుకునే మేజోళ్లతోనే. పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఎక్కేటప్పుడు ఆ ఖాళీ విలువ తెలీదు. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకి గుద్దుకుంటాయి, మర్నాటికి గోరు నల్లబడుతుంది. లేసుని చీలమండ దగ్గర బిగించి కడితే ఆ జారుడు తగ్గుతుంది. నూలు మేజోళ్లు వద్దు. చెమట పీల్చుకుని, ఆరకుండా చర్మాన్ని ఒరుస్తాయి.

ఇదంతా నీ ఫోనూ చెబుతుంది. ఫోను చెప్పనిది నా మడమ చెబుతుంది.

కాలేజీలో ఉండగా మేం నలుగురం పురుషోత్తంపూర్ దాకా బస్సులో వెళ్లి ఇదే కొండ ఎక్కాం. 999 మెట్లుండగా, అది ముసలాళ్ల దారి అని వెక్కిరించి డొంకదారి పట్టాం. నా కాళ్లకి ముందురోజే కొన్న కాన్వాసు బూట్లు. సగం కొండకే ఎడమ మడమ మండడం మొదలైంది. అప్పుడే ఆగి ఓ గుడ్డపీలిక చుట్టుకుంటే సరిపోయేది. చెప్పలేదు. పొద్దుటినుంచి బూట్లు అందరికీ చూపించుకుంటూ తిరిగినవాణ్ణి, అవి కరుస్తున్నాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా నవ్వుతూ అందరికన్నా ముందు నడిచాను. బొబ్బ చితికింది. మేజోడు నెత్తురుకి అతుక్కుపోయింది. నొప్పి తప్పించుకుందామని వంకరగా అడుగులేస్తూ దిగుతుంటే రెండో కాలు మడతపడింది.

ముగ్గురూ వంతులేసుకుని నన్ను మోశారు. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. వాళ్లలో ఒకడు పట్టు నేసేవాళ్ల ఇంటి పిల్లాడు, తెల్లారేసరికి మగ్గం దగ్గర ఉండాల్సినవాడు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఊరు చేరలేదు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాటా తిట్టలేదు. నా మడమకేసి చూసి, "పావలా కాసంత పుండు, రెండు పూటల మగ్గం" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ బాకీ నేనింకా తీర్చలేదు.

అందుకే అంటున్నాను, చెప్పు కరిస్తే చెప్పు. మన తెలుగులో ఆ రెండూ ఒకే మాట కావడం ఊరికే కాదేమో. ఓర్పు వేరు, దాపరికం వేరు. ఒంటరిగా పరుగెత్తేవాడి నొప్పి వాడి సొంతం. నలుగురితో వెళ్లినవాడి నొప్పిలో నలుగురికీ వాటా ఉంటుంది.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా వట్టికాళ్లతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. తొడిగి చూసిన బూట్లు నప్పలేదు, పక్కన పెట్టేశాడు. అలాగని బూట్లమీద పంతం పట్టలేదు. 1964లో టోక్యోలో బూట్లతోనే మళ్లీ గెలిచాడు. లోకమంతా చూస్తున్న చోట "ఇవి నాకు పడవు" అనడానికి ఆయన సిగ్గుపడలేదు. కొండమీద ముగ్గురు స్నేహితుల ముందు నాకు సిగ్గేసింది!

పరుగయ్యాక జౌగడ కూడా చూసిరండి. ఆ కొండకి దగ్గర్లోనే, ఋషికుల్య ఒడ్డున, క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు శాసనాలు చెక్కించిన బండ ఉంది. అందులో ఒక శాసనం, తాను భోజనం దగ్గరున్నా, అంతఃపురంలో ఉన్నా, ప్రజల సంగతులు ఎప్పటికప్పుడు తనకి చెప్పాల్సిందేనంటుంది. చెప్పేవాడికి ధైర్యం ఉంటే చాలదు, వినేవాడికి చెవులుండాలి. మీలో వెనకబడ్డవాడు ఆగుదామంటే వాడి ముందు గడియారం చూసుకోకండి.

చెప్పలేనివాళ్లూ ఉంటారు. 2006 మే 2న మన ఒడిశా పిల్లాడు, నాలుగేళ్ల బుధియా సింగ్, పూరీ నుంచి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ వయసులో "ఇక చాలు" అని ఎవరితో చెబుతాడు? ఆ తరవాత ప్రభుత్వం ఆ దూరపు పరుగులు ఆపించింది.

శనివారం చీకటితో ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఇసుకమీద పరుగన్నావు. అది మానుకో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడ గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. దాదాపు ఏడు వారాలకి పైకొచ్చే పిల్లలు, వెలుతురు ఎటుంటే సముద్రం అటే ఉందనుకుని పాకుతాయి. నీ తలకి కట్టుకున్న దీపాన్ని నమ్మి వెనక్కి తిరిగిన పిల్ల, దారి తప్పానని నీతో చెప్పదు. ఆ తీరంలో తెలుగు మాట్లాడే నోలియా జాలర్లని అడుగు, వాళ్లు చెబుతారు.

ఆదివారం మధ్యాహ్నానికి అందరూ మనింటికే రండి. అత్తయ్య పొఖాళ, అదే మన చద్దన్నం, కలిపి, వడియాలు వేయించి ఉంచుతానంది. గుమ్మంలో నువ్వు బూట్లు విప్పేటప్పుడు అడుగునున్న పళ్లు చూడను. నీ మడమ చూస్తాను.

ఇట్లు,
మావయ్య