బొమ్మను ఆడించే విద్యకు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పెట్టింది పేరు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా నేడు అక్కడ ఎక్కువగా తయారయ్యేవి లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. మేకతోలును పలచన చేసి, చిల్లులు పొడిచి, రంగులద్దే పనితనం అలాగైనా బతికింది, సంతోషమే. కానీ రాత్రంతా రామాయణం పాడుతూ బొమ్మను ఆడించే విద్యకు కొనుగోలుదారు ఏడీ? మంచి కళను జనమే పోషిస్తారు కదా అంటారు. కానీ సంతలో వస్తువు అమ్ముడుపోతుంది, ఆట అమ్ముడుపోదు. పూర్వమూ ఈ ఆట టికెట్ల మీద బతకలేదు, ఊళ్లే ధాన్యమిచ్చి ఆడించుకున్నాయి.

ఇప్పుడు ఆ పని చిన్న గ్రాంటు చేయాలి. పెద్ద ఉత్సవాల డబ్బులో చాలా భాగం వేదికకూ దీపాలకూ పోతుంది. ఒక బృందానికి కావలసింది తోళ్లు, హార్మోనియం మరమ్మతు, నేర్చుకునే పిల్లలకు కొంత భత్యం. ఆసుపత్రులకే చాలని డబ్బు బొమ్మలకా అన్న ప్రశ్న న్యాయమైనదే, అయితే ఇంత కొద్ది మొత్తం వల్ల ఏ ఆసుపత్రీ ఆగిపోదు. దుర్వినియోగమవుతుందని భయమైతే, ఊరి రచ్చబండ దగ్గర ఆడి చూపమనండి, ఊరే లెక్క చూస్తుంది. దరఖాస్తు మాత్రం తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. పాటంతా నోటికి వచ్చినవారికి ఫారాలు నింపడం రాకపోవచ్చు.