తాతల పేళ్లు, తాతల పాపములు



మత్తయి సువార్త మొదటి అధ్యాయమును మనలో అనేకులు గబగబ చదివి పుట త్రిప్పివేయుదురు. వట్టి పేళ్లే గదా అందురు. అయితే వంశావళి వెదకుట ఎంత భారమైన పనియో అమెరికా దేశపు పూర్వచరిత్రలోని ఒక కుటుంబమును చూచిన తెలియును.

1692వ సంవత్సరమున సేలము ఊరిలో మంత్రగాండ్రని నేరము మోపి 19 మందిని ఉరితీసిరి. వారిలో రెబెకా నర్స్ 71 ఏండ్ల ముదుసలి. ఉరికి ముందే ఆమెను సంఘము వెలివేసెను. సంఘమే! ఈ మాట వ్రాయుటకు చేయి రాకున్నది. ఆమెను విచారించినవారిలో ఒకడు జాన్ హాథోర్న్. ఆయన తోటి న్యాయాధిపతియైన శామ్యూల్ సీవల్ 1697లో బోస్టను దేవాలయమున లేచి నిలువబడి, తన తప్పిదమును సంఘకాపరిచేత అందరియెదుట చదివించెను. హాథోర్న్ అట్లు చేయలేదు.

ఆయన మునిమనుమని కుమారుడు నతానియేలు గొప్ప కథకుడు. 1850లో తన పుస్తకపు పీఠికలో, పితరుల నిమిత్తము ఆ సిగ్గును తన మీద వేసికొనుచున్నానని వ్రాసెను.

ఇది న్యాయమా? తండ్రి దోషమును కుమారుడు మోయనక్కరలేదని యెహెజ్కేలు 18వ అధ్యాయము బోధించుచున్నది. నెహెమ్యాయో పితరుల పాపమును తన పాపముతో కలిపి ఒప్పుకొనెను. నాకు తోచినదేమనగా, శిక్ష మనది కాదు. కాని తాతగారి పొలమును, పేరును మావేయని పుచ్చుకొని, ఆయన చేసిన అన్యాయము మాత్రము మేమెరుగమనుట తగదు.

సంఘము 1712లో రెబెకా వెలిని కొట్టివేసెను. ఆమె సంతతివారు 1885లో ఆమెకు రాతిస్తంభము నిలిపిరి.

ఈసారి మత్తయి చదువునప్పుడు ఊరియా భార్యను గూర్చిన మాటయొద్ద కొంచెము ఆగుడి. అది దావీదు పేరు ప్రక్కనే యున్నది.